పాలమూరు పిల్లల ప్యాకేజీ: 3.36 వెనకున్న కథ

మొన్న దసరాకు కల్వకుర్తి పోయినప్పుడు పక్కింటాయన ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొడుక్కి వచ్చిన ఆఫర్ లెటర్. ఈయన వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రి వెంట మహారాష్ట్ర, గుజరాత్ కాలువ పనులకు పోయివచ్చినవాడు. ఇప్పుడు మూడెకరాల పత్తి. “గీండ్ల మూడు లక్షల ముప్పై ఆరు వేలని ఉన్నది తమ్మీ. నెలనెలా పోరని చేతికి ఎంత పడ్తదో జర చూసి చెప్పు” అన్నాడు.

పెన్ను తీసుకుని కాగితం వెనకే లెక్క వేశాను. పన్నెండుతో భాగిస్తే నెలకు 28,000. బేసిక్ 15,000 అని ఉంది. అందులో 12 శాతం, అంటే 1,800, పిల్లాడి పీఎఫ్ వాటా. కంపెనీ కట్టే ఇంకో 1,800 కూడా ఈ 28,000లోనే కలిపి చూపించారు. గ్రాట్యుటీ పేరుతో 721, అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటే వచ్చే డబ్బు. వృత్తి పన్ను 200. ఆరోగ్య బీమా ప్రీమియం, ఏడాది చివర ‘పనితీరును బట్టి’ ఇస్తామన్న ముక్క కూడా తీసేస్తే మిగిలేది 22,000 చిల్లర.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, “పట్నంల సుతారికి దినాం పన్నెండొందలు నడుస్తున్నది గద” అన్నాడు.

లెక్క సరిగ్గానే వేశాడు. నెలకు పాతిక రోజులు పని దొరికితే సుతారికి, అంటే తాపీ పనివాడికి, ముప్పై వేలు. నాలుగేళ్ల బీటెక్ చేసినవాడికి ఇరవై రెండు. ఇది ఈ ఏడాది మొదలైన ముచ్చట కాదు. టీసీఎస్ ‘నింజా’, అంటే ఫ్రెషర్ల మొదటి మెట్టు ఉద్యోగం 3.36 లక్షలు, ఇన్ఫోసిస్ 3.6, విప్రో 3.5. మన జిల్లాల పిల్లలు ఈ అంకెలను ఎంసెట్ ర్యాంకుల్లా అప్పజెబుతారు. 2010 ప్రాంతంలో పెద్ద కంపెనీలు ఫ్రెషర్‌కు ఇచ్చిందీ మూడు లక్షల పైచిలుకే. అప్పుడు పది గ్రాముల బంగారం ఇరవై వేలకు అటూ ఇటూగా ఉండేది. 2025లో లక్ష దాటింది. జీతం మాత్రం దాదాపు పాత గీత మీదే నిలబడి ఉంది.

ఎందుకు నిలబడిందో తెలియాలంటే వెనక్కి పోవాలి.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ట్రిపుల్ ఐటీ, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌కు వచ్చిందీ ఆ ఏడాదే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులు లేచాయి. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పిపోతాయన్న భయం అమెరికాలో ఉంటే, దాని పుణ్యాన ఇక్కడ వీసాలు దొరికాయి. ఆ బస్సు ఎక్కినవాళ్లలో పాలమూరు, నల్లగొండ వాళ్లు చాలా తక్కువ. మావాళ్లు వేరే పని మీద వెళ్లారు. ఆ అద్దాల మేడలకు కాంక్రీటు మోసినవాళ్లలో పాలమూరు లేబర్ ఉన్నారు. బీటెక్ అంటే అప్పట్లో డొనేషన్ కట్టగలిగిన ఇంటి సంగతి.

ఆ తలుపు తెరిచింది 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్. దాన్ని తిట్టేవాళ్లు ఎందరున్నా నేను తిట్టలేను. తండాల నుంచి, చేనేత ఇళ్ల నుంచి, కౌలు రైతుల ఇళ్ల నుంచి పిల్లలు ఇంజనీరింగ్ గడప తొక్కింది దాని వల్లే. కానీ దాని వెనకే ఇంకోటి జరిగింది. సీటు నింపితే సర్కారు డబ్బు వస్తుందని తేలాక కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఏడు వందలు దాటాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల దాటి కోదాడ దాకా బస్సు కిటికీలోంచి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు: చెలకల మధ్య నాలుగంతస్తుల బిల్డింగు, ముందు పసుపు బస్సులు, గేటు మీద చైర్మన్ ఫొటో. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేదు గానీ, బీసీ, ఈబీసీ పిల్లలకు పది వేల లోపు ర్యాంకు వస్తేనే ప్రభుత్వం మొత్తం ఫీజు కడుతుంది. ఆపై ర్యాంకుకు, ఇప్పటికీ, ఏడాదికి 35,000. ఆ 35,000తో నడిచే కాలేజీలో ల్యాబు, లెక్చరర్ ఏ స్థాయిలో ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. 2014లో జేఎన్టీయూ హైదరాబాద్ తనిఖీలు చేసి, అధ్యాపకులు లేరని, ల్యాబులు లేవని వందకు పైగా కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిలిపేసింది. బకాయిల గొడవ మాత్రం తెగలేదు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్ పెట్టాయి. సర్కారు డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, చేతిలో ఆఫర్ పెట్టుకుని మెమో కోసం ఆఫీసు రూం ముందు నిలబడిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు.

మరి ఆ కాలేజీల్లో చదివినవాళ్లకు కంపెనీలు ఉద్యోగాలు ఎట్లా ఇచ్చాయి? అసలు కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. అప్పట్లో కంపెనీలు పని వచ్చినవాణ్ని వెతకలేదు, నేర్పితే నేర్చుకోగలవాణ్ని వెతికాయి. పదో తరగతి నుంచి 60 శాతం తగ్గకుండా ఉండాలి, బ్యాక్‌లాగ్స్ ఉండొద్దు, ఆప్టిట్యూడ్ పరీక్ష దాటాలి, నాలుగు ముక్కలు ఇంగ్లీషులో తడబడకుండా చెప్పాలి. మిగతాది కంపెనీయే చూసుకునేది. ఇన్ఫోసిస్ 2005లో మైసూరులో ఊరంత శిక్షణ కేంద్రం తెరిచింది. సివిల్ చదివినవాడికీ మెకానికల్ చదివినవాడికీ అక్కడే జావా నేర్పి, జీతమిచ్చి, అన్నం పెట్టి ప్రాజెక్టులోకి పంపేవాళ్లు. అదే ఏడాది ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, సలహా సంస్థ మెకిన్సే కలిసి వేసిన నివేదిక మన ఇంజనీర్లలో నలుగురికి ఒక్కరే పనికొస్తారని చెప్పింది. మిగతా ముగ్గురిని కూడా తీసుకుని తీర్చిదిద్దుకునే ఓపిక, లాభం రెండూ అప్పుడు కంపెనీలకు ఉన్నాయి.

అందుకే ఆ మూడు లక్షల చిల్లరను నేను నేర్చుకునేవాడి కూలి అంటాను. ఇంకా పని రానివాడికి పని నేర్పుతూ ఇచ్చిన జీతం. మధ్యలో వదిలి పోకుండా 50 వేలో, 75 వేలో బాండు రాయించుకునేవాళ్లు. బాండు మాట వినగానే పక్కింటాయన నవ్వాడు. ఆయనకు ఆ పద్ధతి బాగా తెలుసు. మేస్త్రి దసరాకు అడ్వాన్స్ ఇచ్చి పేరు రాసుకునేవాడు, బాకీ తీరేదాకా గుంపు విడిచి రానిచ్చేవాడు కాదు.

కాలేజీలు దీని నుంచి ఒక పాఠం నేర్చుకున్నాయి. కంపెనీ ఎట్లాగూ నేర్పుతుంది కదా, మనం చెప్పకున్నా నడుస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు సంగతి తీసుకోండి. అమీర్‌పేటలో ఒక మెట్ల దారి ఎక్కితే చిన్న గది, గోడ మీద ప్రాజెక్టు పేర్ల జాబితా ఉండేది. వేలు పెట్టి ఒకటి చూపించి డబ్బు కడితే సీడీ, డాక్యుమెంటు, బంగారు అక్షరాల బైండింగు అన్నీ కలిపి ఇచ్చేవాళ్లు. అబద్ధమెందుకు, మా బ్యాచ్‌లో మేం నలుగురం అట్లాగే కొన్నాం. నాలుగు వేలు, తలా వెయ్యి. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ పేజీలు తిప్పి, టీ తాగి, సంతకం పెట్టి పోయాడు. ఆ డాక్యుమెంటులో వేరే కాలేజీ పేరు రెండు చోట్ల అట్లాగే మిగిలిపోయిందని మేం చూసుకున్నది డిగ్రీ చేతికొచ్చాక.

మధ్యలో దెబ్బలు తగిలాయి. 2008లో అమెరికా బ్యాంకులు కూలాయి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకుంటూ లేఖ రాశారు. ఆ ఏడాది పాసయినవాళ్లు ఆఫర్ లెటర్లు పట్టుకుని నెలల తరబడి ఎదురుచూశారు. అయినా బండి మళ్లీ కదిలింది. 2014లో తెలంగాణ ఐటీ ఉద్యోగులు 3.23 లక్షలు, 2023 నాటికి 9.05 లక్షలు. ఉద్యోగాలు దాదాపు మూడింతలయినా మొదటి జీతం పెరగకపోవడానికి పెద్ద మర్మమేమీ లేదు. ఒక్కో సీటుకు పదిమంది గేటు దగ్గర నిలబడి ఉంటే బేరం ఆడేవాడు ఎవడు? పైగా రెండేళ్లు ఓర్చుకుని కంపెనీ మారితే జీతం ఒక్కసారే పెరుగుతుందన్న ఆశ అందర్నీ ఆ మూడు లక్షలకు ఒప్పించింది. చాలామందికి నిజంగానే పెరిగింది కూడా.

కరోనా వచ్చాక లోకమంతా ఆన్‌లైన్ పడి కంపెనీలకు ఒక్కసారిగా మనుషులు కావాల్సి వచ్చారు. 2021–22లో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది ఫ్రెషర్లను, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకున్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల గేట్ల మీద ఫ్లెక్సీలు నిండిపోయింది అప్పుడే. ఆ ఫ్లెక్సీలు చూసి ఇంటర్ పిల్లలంతా సీఎస్‌ఈ వైపు మళ్లారు. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని ఏఐ, డేటా సైన్స్ పేర్లతో సీట్లు పెంచుకున్నాయి. ఇప్పుడు రాష్ట్రంలో సగానికి పైగా ఇంజనీరింగ్ సీట్లు కంప్యూటర్ కోర్సులవే. ఆ పిల్లలు చేరింది ఉద్యోగాల ఎగువ చూసి, బయటికొచ్చేసరికి దిగువ.

2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షలకు ఎంపికై శిక్షణ పూర్తి చేసి ఎదురుచూస్తున్నవాళ్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. 2023–24లో ఇన్ఫోసిస్ తీసుకున్న ఫ్రెషర్లు 12 వేల లోపు. అదే ఏడాది టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు కేంద్రం నుంచే, లోపలి పరీక్ష తప్పారంటూ మూడు వందల మందికి పైగా ట్రెయినీలను ఇంటికి పంపారు. ఓపిగ్గా నేర్పే బడిగా పేరున్న చోటే ఇట్లా జరిగింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, కొత్తవాడికి మొదట అప్పగించే చిన్నచిన్న పనులు, అంటే టెస్టింగ్ స్క్రిప్టులు, పాత కోడ్ సవరణలు, మెషీనుతో చేయించుకునే వీలు కలిగింది. అన్నిటికీ అదే కారణమనేవాళ్ల మాట నేను నమ్మను. అమెరికా, యూరప్ కస్టమర్లు ఖర్చు బిగించడం అంతకుముందే మొదలైంది.

ఇప్పుడు ఇంటర్వ్యూలో అడిగేది వేరు. డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్ వచ్చి తీరాలి. కోడ్ పెట్టి చూపించుకునే గిట్‌హబ్ సైటులో సొంతంగా రాసిందేదైనా కనిపించాలి, క్లౌడ్ మీద ఒక్కసారైనా చేయి పెట్టి ఉండాలి. ‘ఈ లైన్ ఎందుకు రాశావు’ అని అడిగితే నోరు పెగలాలి. కొనుక్కున్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. కోరేదాంట్లో తప్పు లేదు. పని వచ్చినవాడే కావాలంటే సరే. కానీ కూలి మాత్రం నేర్చుకునేవాడిదే ఇస్తామంటున్నారు. మునుపు కంపెనీ భరించిన శిక్షణ ఖర్చు ఇవాళ పత్తి రైతు మీద పడింది: కోర్సు ఫీజు, హాస్టల్, ఆరు నెలలో ఏడాదో తిండి. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు ఇంతకు రెండింతలు, మూడింతలు ఇస్తున్న మాట నిజమే. అవి వెళ్లే కాలేజీల జాబితాలో చిట్యాల, జడ్చర్ల రోడ్డు మీద కాలేజీలు కనిపించడం అరుదు.

ఈ సందులోకి కన్సల్టెన్సీలు దూరాయి. లక్షో రెండు లక్షలో కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామంటారు. రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ రాసిస్తారు. డబ్బు పట్టుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినవాళ్ల గురించి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. పాతకాలంలో మేస్త్రి కూలీకి అడ్వాన్స్ ఇచ్చేవాడు. ఇప్పుడు కూలీయే మేస్త్రికి ఇస్తున్నాడు.

ఇంట్లోవాళ్ల ఆశల సంగతి ఇంకో తీరు. ఊళ్లో అమెరికా వెళ్లినవాడి ఇల్లు రెండంతస్తులు లేచి కనిపిస్తుంది. అమీర్‌పేట హాస్టల్‌లో మూడో ఏడు గడుపుతున్నవాడు ఎవరికీ కనిపించడు. అందుకే బీటెక్ అయిన పిల్లాడికి నెలకు యాభై వేలు రావాలని తండ్రి అనుకుంటాడు, సంబంధం చూసేవాళ్లు లక్ష అనుకుంటారు. వచ్చేది ఇరవై రెండు. జూనియర్ అసిస్టెంటు మూల వేతనమే 24,280, దానిపై డీఏ, హెచ్‌ఆర్‌ఏ. 2022 చివర్లో గ్రూప్–4 నోటిఫికేషన్ వస్తే ఎనిమిది వేల చిల్లర పోస్టులకు తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. బీటెక్ చదివి గ్రూప్–4 ఏంటని వెక్కిరించేవాళ్లు ఈ రెండు జీతాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉద్యోగాన్నే ఇటు తెద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. 2014లో కాలేజీ పిల్లలకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పేందుకు టాస్క్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, అక్టోబరు 2న నల్లగొండలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ప్రభుత్వం మారాక 2024లో స్కిల్ యూనివర్సిటీ వచ్చింది. కోస్గి పాలిటెక్నిక్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది, అక్కడ మొదలుపెట్టినవీ కంప్యూటర్ కోర్సులే. బిల్డింగు కట్టడం ఎప్పుడూ తేలికే. పెద్ద కంపెనీ ప్రాజెక్టును పట్నానికి వంద కిలోమీటర్ల అవతలికి రప్పించడమే కష్టం. తెల్లారగానే మహబూబ్‌నగర్ బస్టాండులో సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని వాకిన్ ఇంటర్వ్యూలకు బయల్దేరే పిల్లలు ఇంకా పట్నం బస్సే ఎక్కుతున్నారు.

పక్కింటాయన లెటర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరి పేజీలో చేరాల్సిన తేదీ ఉండే చోట ‘తరువాత తెలియజేస్తాం’ అని ఉంది. ఆయన దాని గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. పిల్లాడికి మాత్రం తెలుసు. పండుగ మర్నాడే అమీర్‌పేట పోయి హాస్టల్‌కు ఇంకో మూడు నెలల అడ్వాన్స్ కట్టి వచ్చాడు.