రంగురాళ్ళు కొనే ముందు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పరీక్షల ముందు ఏకాగ్రత కోసం సిట్రిన్ బ్రేస్‌లెట్ కొనుక్కోవచ్చా అని అడుగుతూ మీరు పంపిన ప్రకటనను శ్రద్ధగా చదివాను. "నూటికి నూరు శాతం సహజం, ల్యాబ్ సర్టిఫైడ్, శక్తి నింపినది, చదువులో ఏకాగ్రతనూ ఇంట్లో ధనాన్నీ ఆకర్షిస్తుంది, అసలు ధర 2,999, ఈరోజు మాత్రం 499" అని అందులో ఉంది. ఈ నాలుగు ముక్కల్లో రెండు వేర్వేరు రకాల మాటలు కలిసిపోయాయి. ఆ రాయి ఏమిటి, ఎక్కడిది, దాన్ని ఏం చేసి అమ్ముతున్నారు అన్నవి మొదటి రకం మాటలు. వీటిని పరీక్షించి తేల్చవచ్చు. ఆ రాయి మనకేం చేస్తుంది అన్నది రెండో రకం. ల్యాబ్ అనే పేరు మీద మొదటి రకం మాటలకు దొరికిన నమ్మకాన్ని రెండో రకం మాటలకు కూడా అంటగట్టడమే ఇలాంటి ప్రకటనల పద్ధతి కాబట్టి, మీరు ఏ రాయి ప్రకటన చదివినా ముందుగా ఈ రెంటినీ విడదీసుకోండి.

సిట్రిన్ అంటే పసుపు రంగులో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం. మన బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ బండరాళ్ళలో తెల్లగా, బూడిద రంగుగా మెరిసే గింజలు కూడా ఆ పదార్థమే. ప్రకృతిలో దొరికే సిట్రిన్ అరుదైనది, సాధారణంగా లేత పసుపుగా, ఒక్కోసారి కాస్త పొగచూరినట్టు ఉంటుంది. బజారులో ముదురు నారింజ రంగులో, అడుగున తెల్లగా ఉండే గుత్తులుగా దొరికేది మాత్రం చాలావరకు ఊదారంగు క్వార్ట్జ్ అయిన అమెథిస్ట్‌ను నాలుగైదు వందల డిగ్రీల వేడిలో కాల్చగా వచ్చినది. ఆ ఊదారంగుకూ, కాల్చాక వచ్చే పసుపుకూ మూలం రాయిలో లేశమాత్రంగా ఉన్న ఇనుమే. కాల్చడం మోసం కాదు; గుజరాత్‌లోని ఖంభాత్ పనివారు కార్నీలియన్ అనే రాయిని వేడి చేసి ఎర్రని రంగు తెప్పించడం ఎంతో పాత విద్య. కాల్చిన సంగతి దాచిపెట్టి, అరుదైన రాయి అని చెప్పి అమ్మడమే మోసం. "నూటికి నూరు శాతం సహజం" అన్నప్పుడు రాయి భూమిలో పుట్టిందన్నంత వరకు నిజమే కావచ్చు, కానీ రంగు కొలిమిలో పుట్టిందన్న మాటను అది చెప్పదు. అందువల్ల అమ్మేవారిని "ఇది అసలుదేనా?" అని కాక, "దీన్ని కాల్చారా, రంగు వేశారా, పైన పూత పూశారా, పగుళ్ళలో గాజు నింపారా?" అని విడివిడిగా అడగండి. ఆఖరి ప్రశ్న కెంపుల విషయంలో మరీ ముఖ్యం, ఎందుకంటే చవక కెంపుల పగుళ్ళలో సీసపు గాజు నింపడం మామూలు, ఆ గాజును నిమ్మరసం కూడా పాడుచేస్తుంది.

కొన్నిటికి పేరే ప్రకటన. ఓపలైట్ అనేది మనుషులు చేసిన గాజు, ఓపల్ కాదు. రాగి మెరుపులు చల్లినట్టుండే గోల్డ్‌స్టోన్ కూడా గాజే. తెల్లని హౌలైట్ అనే రాయికి నీలిరంగు వేసి టర్కాయిస్ (ఫిరోజా) రాయిగా అమ్ముతారు. హెర్కిమర్ డైమండ్ న్యూయార్క్ రాష్ట్రంలో దొరికే క్వార్ట్జ్. మన నగల దుకాణాల్లో అమెరికన్ డైమండ్ అనేది క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి. దానికీ అమెరికాకూ సంబంధం లేదు, వజ్రానికీ లేదు.

ఊరి పేర్లు కూడా ఇలాగే పనిచేస్తాయి, అందులో మన ఊరి పేరు ముందుంటుంది. గోల్కొండ వజ్రాలని లోకమంతా చెప్పుకునేవి గోల్కొండ కోటలో తవ్వినవి కావు. కృష్ణా తీరాన కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చి గోల్కొండ రాజ్యంలో బేరమైనవి. నత్రజని దాదాపుగా లేని స్వచ్ఛమైన వజ్రాలను శాస్త్రజ్ఞులు టైప్ 2ఏ అంటారు, గోల్కొండ వజ్రాల్లో పేరుమోసినవి ఆ కోవకు చెందినవే. అయితే 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కల్లినన్ కూడా టైప్ 2ఏ వజ్రమే. కనుక టైప్ 2ఏ అని నివేదిక చూపించి "గోల్కొండ వజ్రం" అనేవారు రాయి గుణాన్ని చూపిస్తున్నారు తప్ప, అది పుట్టిన చోటును రుజువు చేయడం లేదు.

ముత్యాల సంగతి మీకు ఇంకా దగ్గరిది. హైదరాబాద్‌కు సముద్రం లేదు. పూర్వం పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలకు ఇక్కడ రంధ్రం వేసి, దండ గుచ్చి, అమ్మే పనితనం పెరిగింది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. పాతబస్తీ పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాల్లో ఎవరైనా ముత్యాన్ని పంటికి రాయించి, లైటర్ మంటకు చూపించి, "చూశారా, అసలైన బస్రా" అంటే, ఆ పరీక్ష ఎంతవరకు చెబుతుందో గుర్తుంచుకోండి. పంటికి గరగరలాడితే అది గాజు కాదు, ప్లాస్టిక్ కాదు అని తెలుస్తుంది. పెంచిన ముత్యం కూడా అలాగే గరగరలాడుతుంది కనుక అది సముద్రంలో తానుగా పుట్టిందో, చెరువులో పెంచిందో పంటితో తేలదు. దానికి ఎక్స్‌రే కావాలి. నిజమైన పరీక్ష చేసి చూపించి, ఆ పరీక్ష చెప్పని మాటను దానికి జోడించడం మోసాలన్నిటిలో నేర్పుగలది, దాన్ని కనిపెట్టడమే మీరు అన్నిటికన్నా బాగా నేర్చుకోవాలని నా కోరిక.

ఇక రెండో రకం మాటలు. క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం కంపిస్తుంది కాబట్టి చేతికి కట్టుకున్న స్ఫటికం కూడా శరీరంతో కలిసి కంపిస్తుందని మీరు పంపిన ప్రకటనలోనే ఇంకోచోట రాశారు. మొదటి సగం నిజం. 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికాలు సూక్ష్మంగా సాగి ముడుచుకుంటాయని ఆ తర్వాత తేలింది. గడియారంలో శ్రుతిదండం ఆకారంలో కోసిన చిన్న క్వార్ట్జ్ ముక్క బ్యాటరీ ఇచ్చే విద్యుత్తుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒక్కటి మిగులుతుంది, దానితో ముల్లు కదులుతుంది. బ్యాటరీ తీసేస్తే కంపనం ఆగిపోతుంది. మీ బ్రేస్‌లెట్ పూసకు బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, ఆ కొలతకు కోసిన ఆకారమూ లేదు. 2001లో లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం 80 మందిని పరీక్షించి, కొందరికి నిజమైన స్ఫటికాలు, కొందరికి నకిలీవి ఇచ్చి చూసింది. వెచ్చదనం, జలదరింపు వంటి అనుభూతులు నకిలీ పట్టుకున్నవారికి కూడా అదే విధంగా కలిగాయి.

అమ్మమ్మ ఉంగరంలో పగడం ఉంది, ఆమె నమ్మకం ఆమెది, దాని జోలికి నేను పోను. ఫలితానికి హామీ ఇచ్చి, వెల కట్టి, పరీక్షల భయంలో ఉన్న పిల్లలకు అమ్మడం నాకు సహించరాని విషయం. తాయెత్తు, కవచం వంటివి రోగాలు నయం చేస్తాయని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

కొన్ని మాటలు నమ్మితే డబ్బుతో పాటు ఒంటికి కూడా నష్టం. రేడియేషన్ నుంచి కాపాడతాయని అమ్మిన లాకెట్లు, బ్రేస్‌లెట్లు వంటి పది వస్తువులే రేడియోధార్మికత వెదజల్లుతున్నాయని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ హెచ్చరించింది. రాళ్ళు వేసిన నీళ్ళు తాగమని ఎవరు చెప్పినా తాగవద్దు: మాలకైట్‌లో రాగి, గెలీనాలో సీసం, సిన్నబార్‌లో పాదరసం ఉంటాయి.

సర్టిఫికెట్ కార్డును కూడా చదవాలి. మంచి ల్యాబ్ ఇచ్చే నివేదికలో రాయి జాతి, బరువు, కొలతలు, దానికి చేసిన మార్పులు ఉంటాయి. శక్తి నింపినట్టు ఏ రత్నశాస్త్ర ల్యాబూ ధ్రువీకరించదు. ఉంగరం మీద ఉన్న బీఐఎస్ హాల్‌మార్క్ బంగారానికి సంబంధించినది, రాయికి కాదు, ఆ గుర్తు చూపించి రాయి కూడా పరీక్షించినదే అంటే ఒప్పుకోకండి.

రాళ్ళంటే మీకున్న ఇష్టం నాకు సంతోషం, అందుకే వాటిని చూడటం నేర్చుకోండి. పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దంతో చూస్తే గాజులో గుండ్రని బుడగలు కనిపించవచ్చు, రంగు వేసిన రాయిలో ఆ రంగు పగుళ్ళలో పేరుకుని ఉంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపిన దూదితో రుద్దితే కొన్ని రంగులు దూదికి అంటుకుంటాయి, అంటుకోకపోయినంత మాత్రాన రంగు వేయలేదని అనుకోకూడదు. క్వార్ట్జ్ గాజును గీస్తుంది, గాజు క్వార్ట్జ్‌ను గీయలేదు. ఇవన్నీ కొన్నాక చేసే పరీక్షలు. కొనేటప్పుడు మాత్రం ఆ బ్రేస్‌లెట్ అమ్మేవారికి "సహజ సిట్రిన్, కాల్చనిది, రంగు వేయనిది" అని బిల్లు మీద రాసి ఇవ్వమని సందేశం పెట్టండి, ఆ జవాబును దాచుకోండి. రాసి ఇవ్వలేమని వాళ్ళంటే కొనకండి. రాసిచ్చి వేరేది పంపితే, ఆ బిల్లుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నాన్నతో కలిసి ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ తాతయ్య
నల్లకుంట, హైదరాబాద్