చిన్న ‘ఎమ్’, పెద్ద ‘ఎమ్’: కొలతల గుర్తులపై అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబ్‌లకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. నెలకొకసారైనా ఎవరో ఒకరు నాతో అనే మాట ఇది: “చిన్న అక్షరమైతే ఏమిటి, పెద్ద అక్షరమైతే ఏమిటండీ, అర్థమవుతుంది కదా!” మొన్న మళ్లీ విన్నాను. ఇక రాయక తప్పలేదు.

అపోహ: క్యాపిటల్ అక్షరం చూపుకు అందం కోసమే, అర్థం మారదు.

వాస్తవం: మారుతుంది. యూనిట్ ముందు చిన్న ఎమ్ ఉంటే మిల్లీ, అంటే వెయ్యో వంతు. పెద్ద ఎమ్ ఉంటే మెగా, అంటే పది లక్షలు. రెండింటికీ మధ్య తేడా వంద కోట్ల రెట్లు. ఎకరం చెరువులో నాలుగడుగుల లోతున నిలిచిన నీరు సుమారు 5 మెగాలీటర్లు. 5 మిల్లీలీటర్లంటే ఒక చెంచాడు. మందు సీసా మీద చిన్న ఎమ్ ఉండవలసిన చోట పెద్ద ఎమ్ పడిందంటే, చెంచాడు పోయమనడానికి బదులు చెరువంత పోయమన్నట్టే.

ఈ తేడా మన కంటికి ఆనకపోవడానికి కారణం ఉంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే విభజనే లేదు. కానీ మనకూ ఇలాంటి చిక్కు ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ తేలికగా తీసుకోరు. ‘కలువ’కు దీర్ఘమిస్తే ‘కాలువ’ అవుతుంది. ‘మి.మీ.’ అన్నప్పుడు మొదటి గుడి మిల్లీది, రెండో గుడిదీర్ఘం మీటరుది. ‘మీ.మి.’ అని రాసిన పిల్లవాడికి మాస్టారు మార్కులు కోస్తారు. ఇంగ్లీషు ఎమ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

పట్టింపు లేనివాళ్లలో మొదటివాణ్ని నేనే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, రిపోర్టు నిండుగా కనిపిస్తుందని, ప్రింటుకు పోయే ప్రతి మాటనూ క్యాపిటల్ అక్షరాల్లోకి మార్చే ఆదేశం ఒకటి ప్రోగ్రాములో పెట్టాను. ఒక సాయంత్రం ఒక పెద్దాయన ఫోను చేశారు. “బాబూ, మెగ్నీషియం నలభైకి పడిపోయిందట. కొట్లో పది బస్తాలు తీసి ఉంచమన్నాను. చాలుతాయా?” ఆ రోజు ఆయన చెరువు నీటికి చేసింది పొటాషియం పరీక్ష ఒక్కటే. కాగితం మీద ఏముందో చదవమన్నాను. “కె, నలభై, ఎమ్‌జీ” అన్నారు.

కె అంటే పొటాషియం గుర్తు. ఎమ్‌జీ అంటే మిల్లీగ్రాములు. రెండూ చిన్న అక్షరాలుగా ఉండవలసిన ఆ ఎమ్‌జీని నా ఆదేశం పెద్దగా మార్చేసింది. ఖనిజాల బస్తాల మీద పెద్ద ఎమ్‌తో మొదలయ్యే ఎమ్‌జీ అంటే మెగ్నీషియమే. రోజూ ఆ బస్తాలు మోయించే మనిషి మరెలా చదువుతారు? పైగా సముద్రపు నీటిలో పొటాషియం లీటరుకు 400 మిల్లీగ్రాములుంటే మెగ్నీషియం దాదాపు 1300 ఉంటుంది. పొటాషియం నలభై అంటే ఒక తీరు, మెగ్నీషియం నలభై అంటే గుండె జారిపోయే మాట. “అయితే నేను తప్పు చదివానా?” అని అడిగారు. లేదండీ, నేనే తప్పు రాశానన్నాను. అప్పటికే ఆటోలోకి ఎక్కిన బస్తాలు దిగాయి. ఆ ఆదేశాన్ని ఆ రాత్రే తీసేశాను.

ప్రోగ్రాములు రాసే తమ్ముళ్లకు ఇంకో మాట. మైక్రో గుర్తు గ్రీకు అక్షరం మ్యూ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దాన్ని క్యాపిటల్‌గా మార్చమంటే గ్రీకు పెద్ద మ్యూ వస్తుంది, చూడటానికి అచ్చం ఇంగ్లీషు పెద్ద ఎమ్. పది లక్షల్లో ఒక వంతు కాస్తా చూస్తుండగానే పది లక్షలైపోయింది! యూనికోడ్‌లో మైక్రో గుర్తు ఒక సంకేతం, గ్రీకు చిన్న మ్యూ వేరొక సంకేతం. కంటికి రెండూ ఒకటే, కానీ ఒకదాన్ని టైపు చేసి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. పాత ‘సింబల్’ ఫాంటులో టైపు చేసిన మ్యూ, ఫాంటు మారగానే చిన్న ఎమ్ అయిపోతుంది. నీటి విద్యుత్ వాహకతను చెప్పే మైక్రోసీమెన్స్ కాస్తా మిల్లీసీమెన్స్ అవుతుంది, వెయ్యి రెట్లు. అందుకే యూనిట్ ఉన్న గడిని ఎప్పుడూ క్యాపిటల్‌గా మార్చకండి. లోపల దాచుకోవడానికి యూకమ్ అని, యూనిట్లను కంప్యూటర్లలో రాసుకునే ప్రామాణిక సంకేతాలున్నాయి. వాటిలో మైక్రోకు చిన్న యూ వాడతారు, గ్రీకు అక్షరం గొడవే లేదు. అక్షరాల తేడా చూడలేని పాత యంత్రాల కోసం యూకమ్‌లో విడిగా ఒక పట్టిక కూడా ఉంది. అందులో మిల్లీకి ఎమ్, మెగాకు ఎమ్ఏ.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

అపోహ: మనుషుల పేర్ల మీద పెట్టినవి గనుక న్యూటన్, పాస్కల్, వోల్ట్‌లను క్యాపిటల్‌తో మొదలుపెట్టాలి. వాస్తవం: ఇంగ్లీషులో యూనిట్ పేరు పూర్తిగా రాస్తే చిన్న అక్షరమే, గుర్తుకే క్యాపిటల్. జర్మన్‌లో నామవాచకాలన్నీ క్యాపిటల్‌తోనే మొదలవుతాయి కాబట్టి అక్కడ మీటరుకూ క్యాపిటలే. పేర్లు భాషను బట్టి మారతాయి, గుర్తులు మారవు.

అపోహ: లీటరుకు పెద్ద ఎల్ వాడటం తప్పు. వాస్తవం: 1979 నుంచి రెండూ ఒప్పే. చిన్న ఎల్ ఒకటి అంకెలా కనిపిస్తుందని పెద్దది కూడా అనుమతించారు. ‘క్లాడ్ లీటర్’ అనే శాస్త్రవేత్త పేరు మీద అలా పెట్టారని చెప్పేవాళ్లున్నారు. అలాంటి మనిషి పుట్టనే లేదు, 1978లో కెనడాలో ఒకాయన సరదాకు అల్లిన కథ అది.

కిలోకు చిన్న కె. పెద్ద కె అంటే ఉష్ణోగ్రతను కొలిచే కెల్విన్. అయితే ఏరేటర్ మోటారు మీద కిలోవాట్‌ను పెద్ద కెతో రాశారని కంగారు పడకండి, మోటారు తిరుగుతుంది. కేజీ చివర బహువచనం ‘ఎస్’ తగిలించడం కూడా అంతే: తప్పే, కానీ ప్రమాదం లేదు.

పీపీటీ మాత్రం చూసుకోండి. మన చెరువుల ఉప్పదనానికి అది వెయ్యిలో వంతు. విషపదార్థాల లెక్కల్లో అదే మాటను లక్ష కోట్లలో వంతుకూ వాడతారు.

నెట్ కనెక్షన్ వాళ్లు మోసం చేశారని ఫోను చేసేవాళ్లకు: చిన్న బీ బిట్, పెద్ద బీ బైట్, బైటుకు 8 బిట్లు. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు.

వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర ‘10 లక్షల టీఎంసీలు’ అని ఫోన్లలో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. క్యూసెక్కు ప్రవాహం (సెకనుకు ఒక ఘనపుటడుగు), టీఎంసీ పరిమాణం (వంద కోట్ల ఘనపుటడుగులు). 10 లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే 86.4 టీఎంసీలు. గోదావరి లంకల్లో సామాన్లు సర్దుకుంటున్నవాళ్లకు ఆ పుకారు కూడా అవసరమా?

తేదీల్లోనూ ఇదే గోల. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద ఎమ్ నెల, చిన్న ఎమ్ నిమిషం. పైథాన్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. చెరువులో రొయ్య పిల్ల వేసిన తేదీలో నెల బదులు నిమిషం పడితే పంట వయసు ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పెద్దాయన నీటిని పరీక్షించిన ల్యాబ్ రిపోర్టులు ఇప్పుడు తెలుగులోనే వస్తున్నాయి: ‘పొటాషియం, లీటరుకు 40 మిల్లీగ్రాములు’ అని, గుర్తులేవీ లేకుండా. దాంతో ఒక పేజీలో సరిపోయేది రెండు పేజీలైంది. కాగితాల ఖర్చు పెరిగిందని ల్యాబ్ యజమాని ఇప్పటికీ నన్ను సాధిస్తూనే ఉన్నారు.