కుందేలు పేగులో దొరికిన జవాబు: శంభునాథ్ డే కలరా పరిశోధన

పండ్ల రసాల డబ్బాల మీద, తీపి పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ (విరేచనాల రోగికి పట్టే ఉప్పు, చక్కెర నీళ్లు) అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టు విడవకుండా చేసిన పోరాటం దీని వెనుక ఉంది. ఆ వివాదమంతా కొలతల గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉండాలి. చక్కెర అంతకు బాగా మించితే ఒంట్లోని నీరు తిరిగి పేగులోకి వస్తుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అప్పటికే వాడిపోయిన పసిబిడ్డకు అది ప్రాణాపాయం.

గ్రాముల దగ్గర ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే విరేచనాల జబ్బులో పేగు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఆ సంగతి 1950ల దాకా వైద్యులకు తెలియదు. దాన్ని తేల్చి చెప్పిన మనిషి కలకత్తా ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాథాలజీ (రోగ కారణాల శాస్త్రం) పాఠాలు చెబుతూ, రక్తం, మలం నమూనాలు పరీక్షిస్తూ బతికిన డాక్టరు. పేరు శంభునాథ్ డే. ఓఆర్‌ఎస్ పొట్లం లేని ఇల్లు మన ఊళ్లలో అరుదు, ఆ పేరు విన్న ఇల్లు అంతకంటే అరుదు. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

కలరాను మన పెద్దలు వాంతిభేది అన్నారు. తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నారు, ఆ మాట ఇప్పటికీ తిట్లలో వినిపిస్తుంది. పొద్దున పొలానికి వెళ్లిన మనిషి చీకటి పడేసరికి శవమయ్యే జబ్బు అది. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, వాసన పెద్దగా లేకుండా పోతుంది. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతం నుంచి మొదలై ఖండాలు దాటింది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ఈజిప్టు మీదుగా కలకత్తా వచ్చి, 1884లో ఈ జబ్బుకు కారణం కామా ఆకారపు సూక్ష్మజీవి అని చూపించాడు. ఆ జీవి ఏదో విషాన్ని విడుదల చేస్తోందని కూడా ఆయన ఊహించాడు. ఆ విషం మాత్రం ఎవరికీ దొరకలేదు.

దొరకకపోవడానికి కారణం, అందరూ దాన్ని వెతికిన చోటు. సూక్ష్మజీవి చచ్చి విచ్చిపోయినప్పుడు దాని దేహంలో నుంచి వచ్చే విషమే రోగిని చంపుతోందని చాలామంది నమ్మారు. అందుకే జంతువుల రక్తనాళాల్లోకి, పొట్ట కుహరంలోకి సూక్ష్మజీవులను ఎక్కించి చూశారు. జంతువులు చచ్చేవి, కానీ కలరాతో కాదు. పేగు లోపలి పొర ఊడిపోవడం వల్లే నీరు కారుతోందన్నది మరో గట్టి నమ్మకం. అసలు పొరే లేనప్పుడు నోటి ద్వారా నీళ్లు పట్టి ఏం లాభం? ఈ నమ్మకం ఉన్నంతకాలం సెలైన్ సీసా ఒక్కటే దిక్కు. కలకత్తాలోనే లియొనార్డ్ రోజర్స్ 20వ శతాబ్దం మొదట్లో గాఢమైన ఉప్పునీటిని నరాల్లోకి ఎక్కించి మరణాలను బాగా తగ్గించాడు. అయితే ఆ సీసా, ఆ సూది, దాన్ని గుచ్చగల చేయి నగరాల్లోనే ఉండేవి.

శంభునాథ్ 1915 ఫిబ్రవరి 1న హుగ్లీ జిల్లాలోని గరిబాటి గ్రామంలో పుట్టారు. 1939లో కలకత్తా మెడికల్ కాలేజీలో వైద్యపట్టా అందుకున్నారు. 1940ల చివర లండన్ వెళ్లి యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్ వైద్య కళాశాలలో రాయ్ కామెరాన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. అక్కడ ఆయన విషయం కలరా కాదు. నాడీ వ్యవస్థకు దెబ్బ తగిలినప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా చేరుతుందన్నది. దేహంలో ఒక పక్క నుంచి మరో పక్కకు నీరు ఎందుకు దాటుతుందన్న ప్రశ్నే ఆయన్ను తర్వాత పేగు దగ్గరకు తీసుకువెళ్లిందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, కానీ ఆయన పరిశోధనలన్నీ వరుసగా చూస్తే ఆ దారం కనబడుతుంది.

1949లో తిరిగివచ్చి నీల్ రతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో చేరారు. వార్డుల నిండా కలరా రోగులు. శవ పరీక్షల్లో వాళ్ల మూత్రపిండాలు ఎలా దెబ్బతిన్నాయో మొదట గమనించారు. ఆ తర్వాత పేగు మీద దృష్టి పెట్టారు. ఆయన వేసుకున్న ప్రశ్న తేలికగా కనిపిస్తుంది: కలరా జీవి రోగి ఒంట్లో పేగు కుహరంలోనే ఉంటుంది కదా, మరి జంతువులోనూ అక్కడే ఉంచి చూడకూడదా?

కుందేలుకు మత్తు ఇచ్చి, చిన్నపేగులో కొంత ముక్కను రెండు కొసల దగ్గర పట్టుదారంతో కట్టారు. రక్త ప్రసరణ ఆగకుండా చూసుకుంటూ, ఆ రెండు ముడుల మధ్యకు కలరా జీవులున్న ద్రవాన్ని సూదితో ఎక్కించారు. పేగును మళ్లీ పొట్టలో పెట్టి కుట్టేశారు. మర్నాడు తెరిచి చూస్తే ఆ ముక్క నీటితో ఉబ్బిపోయి ఉంది. లోపల ఉన్నది కలరా రోగి నుంచి వచ్చేలాంటి నీరే. పక్కన సూక్ష్మజీవులు ఎక్కించని ముక్క మాత్రం ఖాళీగా, మామూలుగా ఉంది. డి.ఎన్. ఛటర్జీతో కలిసి 1953లో ఈ ఫలితాన్ని ప్రచురించారు. ఇలాంటి ప్రయత్నం ఒకటి 1915లోనే జరిగి మరుగున పడిపోయింది. డే చేతిలో అది ఎవరైనా, ఎక్కడైనా చేసి చూడగల పద్ధతిగా మారింది. కావలసిందల్లా కుందేలు, దారం, సూది, చూసే కన్ను.

1956లో అదే పద్ధతితో ఆయన ఇంకో ముఖ్యమైన సంగతి పట్టుకున్నారు. విరేచనాల రోగుల నుంచి తీసిన ఇ. కొలై (పేగుల్లో ఉండే ఒక సూక్ష్మజీవి) రకాలు కొన్ని కూడా కుందేలు పేగును అలాగే ఉబ్బించాయి. అంటే కలరా లేని ఊళ్లో పసిపిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాల్లోనూ ఇదే మర్మం ఉండవచ్చన్నమాట. ఆ మాటకు అప్పట్లో దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ఇ. కొలై విషాల సంగతి మిగతా ప్రపంచం గట్టిగా పట్టించుకోవడానికి మరో పదేళ్లకు పైనే పట్టింది.

ఇక మిగిలింది కోచ్ ఊహించిన విషం. కలరా జీవులను వాటికి ఆహారమయ్యే పెప్టోన్ నీటిలో పెంచి, ఆ ద్రవాన్ని జీవి ఒక్కటీ మిగలకుండా డే వడకట్టారు. వడకట్టిన నీటినే ముడుల మధ్యకు ఎక్కించారు. పేగు ఉబ్బింది. సూక్ష్మజీవులు లేవు, వాటి శవాలూ లేవు, అయినా కలరా వచ్చింది. జీవి బతికి ఉండగా బయటకు వదిలే పదార్థమే నీటిని పేగులోకి లాగుతోందని అలా రుజువైంది. 1959 మే 30న నేచర్ పత్రికలో ఈ చిన్న వ్యాసం వచ్చింది. అదే ఏడాది బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో ఎన్.కె. దత్తా బృందం కుందేలు పిల్లలతో చేసిన పరిశోధన కూడా ఆ వైపే చూపింది. కోచ్ ఊహకు, దాని రుజువుకు మధ్య 75 ఏళ్లు గడిచాయి.

మరుసటి ఏడాదే రోగుల పేగు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసిన అమెరికన్ వైద్యులు లోపలి పొర చెక్కుచెదరలేదని చెప్పారు. 1960లోనే రాబర్ట్ క్రేన్ పేగు కణాలు గ్లూకోజును, సోడియాన్ని జంటగా లోపలికి తీసుకుంటాయని ప్రతిపాదించాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రం పూర్తవుతుంది. కలరా విషం నీటిని బయటకు తోసే కుళాయిని తెరిచి ఉంచుతుంది, లోపలికి పీల్చే దారిని మాత్రం పాడుచేయదు. ఆ దారిలో ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో పంపితే నీరు వాటి వెంట వెళుతుంది. నోటితో పట్టే నీళ్లు ఎందుకు పనిచేస్తాయో, చక్కెర పెరిగితే ఎందుకు ఎదురు తిరుగుతుందో ఇక్కడే తెలుస్తుంది. నిజానికి కలకత్తాలోనే హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే వైద్యుడు 186 మంది రోగులకు నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజు నీళ్లు పట్టి 1953లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. కారణం చెప్పే శాస్త్రం అప్పటికి లేకపోవడంతో ఎవరూ ఆ దారి పట్టలేదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి బంధువుల చేతే రోగులకు పట్టించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగివచ్చాయి. ఆయనకు 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ వచ్చింది.

డే సంగతి వేరు. విషాన్ని శుద్ధి చేయడం తర్వాతి మెట్టు. ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో, బోధన, రోజువారీ పరీక్షల మధ్య, దానికి కావలసిన యంత్రాలు లేవు. ఆ పని 1969లో అమెరికాలోని డల్లాస్‌లో రిచర్డ్ ఫింకెల్‌స్టీన్ బృందం పూర్తిచేసింది. డే పాఠాలు చెబుతూనే 1973లో పదవీ విరమణ చేశారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ఒకటికి మించి సార్లు ప్రతిపాదించారు. మన దేశ విజ్ఞాన అకాడమీలు మాత్రం ఆయన్ను సభ్యుడిగా కూడా ఎన్నుకోలేదు. ఆసుపత్రి డాక్టరు ఆసుపత్రి పని చేస్తాడు, పరిశోధన వేరే పెద్ద సంస్థల సొత్తు అన్న ఆలోచన అప్పుడు ఎంత బలంగా ఉండేదో ఇది చూపుతుంది. ఆ ఆలోచన ఇప్పుడు పోయిందని నేను అనుకోవడం లేదు. మన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో రోజంతా ఓపీ చూసి, సాయంత్రం సూక్ష్మదర్శిని ముందు కూర్చునే వైద్యులు నేటికీ ఉన్నారు. వాళ్లకు గది, సమయం, సహాయకుడు దొరకడం ఇప్పటికీ అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

1978లో కలరా మీద స్టాక్‌హోమ్‌లో జరిగిన నోబెల్ సదస్సు ఆయన్ను ఆహ్వానించింది. 1960ల తొలినాళ్ల నుంచీ తాను చనిపోయినట్టేనని, ఈ సదస్సు తనను తవ్వి పైకి తీసిందని ఆయన అక్కడ అన్నారు. 1985 ఏప్రిల్ 15న కన్నుమూశారు. బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక ఆయన పరిశోధన మీద ప్రత్యేక సంచిక వేసింది, అప్పటికి 1990 వచ్చింది.