కొడుకు ఉండగా ఎందుకు?

ఒంగోలు

బంగారు పిల్లలూ,

క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు వంటింటి గుమ్మం దగ్గర మీరిద్దరూ గుసగుసలాడుకోవడం విన్నాను. "చిన్నత్త పెంపుడు కూతురట, సొంత అత్త కాదట" అని ఎవరో మీ చెవిన వేశారు. అరిసెలు వత్తుతూ ఆ పూట ఊరుకున్నాను. పొయ్యి మీద నూనె కాగుతుండగా చెప్పి ముగించే మాట కాదది.

చిన్నత్త 1993లో మన ఇంటికి వచ్చింది. అప్పుడు తనకు రెండేళ్ళు. నెల్లూరులో ఒక అనాథాశ్రమం నుంచి తాతయ్యా నేనూ బస్సులో తీసుకొచ్చాం. కావలి దాటేదాకా నా కొంగు అంచును పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూయకుండా కూర్చుంది. ఒంగోలులో దిగే వేళకు నిద్రపోయింది, పిడికిలి మాత్రం వదల్లేదు. విడిపించడానికి నాకు మనసు రాలేదు. ఆ రాత్రి చీర మార్చుకోకుండానే తన పక్కన పడుకున్నాను. మీ నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్ళు. తన దుప్పటి తెచ్చి కప్పి, అటుపక్క తనూ పడుకున్నాడు.

ఊళ్ళో చాలామంది అడిగారు: "మగపిల్లవాడు ఉండగా మీకెందుకమ్మా ఈ దత్తత?" మంచివాళ్ళే అడిగారు. మన దగ్గర పిల్లలు లేనివాళ్ళే దత్తత తీసుకుంటారు, వంశం నిలవడానికి, ఆస్తికి వారసుడు ఉండటానికి. ఆ ప్రశ్నను ముప్పై ఏళ్ళుగా మనసులో మోస్తున్నాను. బైబిలు చదివే కొద్దీ అది నాకు మరింత గొప్ప ప్రశ్నగా కనిపిస్తోంది.

మనం దేవుని దత్తపుత్రులమని చెప్పే రోమా పత్రికను, అంటే రోములోని విశ్వాసులకు ఉత్తరాన్ని, అపొస్తలుడైన పౌలు రాసింది దాదాపు క్రీ.శ. 57లో. అప్పుడు రోములో చక్రవర్తి నీరో. అతను అంతకుముందు చక్రవర్తి క్లౌదియకు పుట్టిన కొడుకు కాదు, 50వ సంవత్సరంలో దత్తత తీసుకున్న కొడుకు. ఇంకా ముందు, మొదటి చక్రవర్తి ఔగుస్తు కూడా జూలియస్ సీజరు వీలునామాతో దత్తుడయ్యాడు. కాబట్టి దత్తత అనే మాట వినగానే రోములో ఉన్న విశ్వాసులకు జాలి కాదు, సింహాసనం గుర్తుకు వచ్చేది. దత్తుడికి కొత్త తండ్రి, కొత్త ఇంటిపేరు, ఆ ఇంటి ఆస్తిలో హక్కు. పాత ఇంటి అధికారం అతని మీద ఇక చెల్లదు. "పెంపుడు" అనే మాటలో మనవాళ్ళు దాచే చిన్నచూపు ఆ మాటలో లేదు. కొత్త నిబంధనలో దత్తత అనే ఈ మాట అయిదు చోట్ల వస్తుంది, అయిదూ పౌలు పత్రికలలోనివే.

రోమీయులు కూడా ఎక్కువగా వారసుడు లేకనే దత్తత తీసుకునేవారు. దేవునికి కుమారుడు ఉన్నాడు. ఆయనకు వారసుడి లోటు లేదు, వంశం ఆగిపోతుందన్న భయమూ లేదు. అయినా మనల్ని తీసుకున్నాడు. ఊరివాళ్ళ ప్రశ్నను దేవుణ్ణి అడగండి: "కొడుకు ఉండగా ఎందుకు?" ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం దీనికి జవాబు చెబుతుంది: తన చిత్తప్రకారం, తన దయాసంకల్పం చొప్పున. అంటే తనకు ఇష్టమై. ఇంతకు మించిన కారణం నాకు ఎక్కడా దొరకలేదు. చిన్నత్త విషయంలో నా దగ్గరా ఇంతకు మించిన కారణం లేదు.

ఇప్పుడు కాగితం సంగతి. నా ట్రంకు పెట్టెలో, పెళ్ళిచీర కింద, కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. అందులో నన్ను "తల్లి" అనలేదు, తాతయ్యను "తండ్రి" అనలేదు. "సంరక్షకులు" అని ఉంది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకే వర్తిస్తుంది. మన క్రైస్తవులకు అలాంటి చట్టం లేదు, 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా ఉండటానికి మాత్రమే వీలుండేది. ఆ సంరక్షణ పిల్లకు పద్ధెనిమిదేళ్ళు నిండగానే ముగిసిపోతుంది. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరణ జరిగాక దారి తెరుచుకుంది. ఏ మతం వారైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021 సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఇదంతా మాకు ఆలస్యంగా తెలిసింది.

చిన్నత్తకు పద్ధెనిమిది నిండిన నెలలో తాతయ్య వీలునామా రాయించారు. మన చట్టం తనంతట తానుగా ఆ పిల్లను వారసురాలిగా చూడదని ప్లీడరు గారు చెప్పారు. సంతకానికి ముందు తాతయ్య మీ నాన్నను పిలిచి అడిగారు. మీ నాన్న ఆలోచించలేదు. "రెండు సమాన వాటాలు రాయండి నాన్నా, ఇందులో అడగడానికి ఏముంది?" అన్నాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో తాతయ్య రోమా 8వ అధ్యాయం చదివారు. "మనము పిల్లలమైతే వారసులము, అనగా దేవుని వారసులము; క్రీస్తుతోడి వారసులము." క్రీస్తుతోడి అన్న దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. పుట్టిన కొడుకు తన వాటాలో చోటిస్తేనే ఆ మాట నిజమవుతుంది. యేసు ప్రభువు మనకు చోటిచ్చాడు, అదీ తన రక్తం పెట్టి. దానికి ముందు వచనం చూడండి: మనం దేవుని పిల్లలమని ఆత్మ తానే మన ఆత్మతో కూడ సాక్ష్యమిస్తున్నాడు. వీలునామాకు సాక్షులు కావాలి కదా, ఇక్కడ సాక్షి పరిశుద్ధాత్ముడే.

గలతీ 4లో పౌలు "సంరక్షకులు" అనే మాట కూడా వాడాడు. పిల్లవాడు తండ్రి నిర్ణయించిన దినం వరకు సంరక్షకుల చేతి కింద ఉంటాడు, ఆ తర్వాత కుమారుడి హక్కుకు వస్తాడు అంటాడు. మా కాగితంలో సంరక్షణతోనే అంతా ముగిసింది. దేవుని ఇంట్లో సంరక్షణ ముగిసిన చోట కుమారత్వం మొదలవుతుంది. ఆ వచనం చదివిన ప్రతిసారీ నాకు ట్రంకు పెట్టె గుర్తొస్తుంది.

"అబ్బా తండ్రీ అని మొఱ్ఱపెట్టుచున్నాము" అన్న చోట చిన్నవాడా, నువ్వు నవ్వావు, ముల్లు గుచ్చుకుంటే అనే అబ్బా అనుకుని. అది యేసు ఇంట్లో మాట్లాడిన అరామిక్ మాట, అర్థం నాన్న. గెత్సేమనేలో ఆయన తండ్రిని అలాగే పిలిచాడు. మన తెలుగులో కూడా అబ్బ అంటే తండ్రి అనే అర్థం ఉంది, పల్లెల్లో ముసలివాళ్ళను అడుగు. నొప్పి పుట్టినప్పుడు మనం పిలిచేదీ ఆ పేరుతోనే. ఈ రెండు భాషలకు చుట్టరికం లేదు, అయినా ఆ వచనం తెలుగులో చదివినప్పుడు నాకు రెండు అర్థాలూ కలిసే వినిపిస్తాయి.

పెద్దదానా, "దత్తపుత్రులంటే అబ్బాయిలేనా?" అని అడిగావు. ఆ కాలంలో ఆస్తి హక్కు ముఖ్యంగా కొడుకుది. పౌలు అదే హక్కును యూదుడని, గ్రీసుదేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని, పురుషుడని, స్త్రీ అని తేడా లేకుండా అందరికీ ఇచ్చాడు. నీ వాటా తగ్గలేదు.

మోషే జమ్ముపెట్టె కథ, మొర్దెకై ఎస్తేరును కూతురిగా పెంచిన కథ మీకు సండే స్కూల్లో వచ్చినవే. నాకు ప్రాణం మెఫీబోషెతు. అయిదేళ్ళప్పుడు దాది చేతిలోంచి పడి రెండు కాళ్ళూ కుంటివయ్యాయి. తండ్రి యోనాతాను చనిపోయాడు, తాత సౌలు రాజ్యం పోయింది. లోదెబారులో ఎవరింట్లోనో తలదాచుకున్న అతన్ని, తర్వాత రాజైన దావీదు పిలిపించి, రాజకుమారులలో ఒకడిలాగా తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. ఆ అధ్యాయం చివరి మాట అతని కాళ్ళు కుంటివని. కాళ్ళు బాగుపడలేదు. బల్ల కింద అవి అలాగే ఉన్నాయి, బల్ల మీద మాత్రం అందరికీ పెట్టే భోజనమే.

ఈ బల్ల విలువ మన ఇంటికి బాగా తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతయ్య వాళ్ళ అమ్మ వాళ్ళలో ఒకరు. పేరుతో కాక కులంతో పిలిపించుకున్న మనిషి, ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషి. సంఘంలో మొదటిసారి ప్రభువు బల్ల ముందు కూర్చుని రొట్టె అందుకున్న సంగతి చచ్చేదాకా చెప్పేదట. దత్తపుత్రత్వమనే మాట ఆమెకు చదవడం రాదు. అది ఏమిటో మాత్రం ఆమె చేతికి తెలుసు.

యోసేపును కూడా మరచిపోకండి. మత్తయి సువార్తలో వంశావళి దావీదు నుంచి యోసేపు దాకా వస్తుంది. యేసు అతని రక్తం కాదు. దూత చెప్పినట్టు యోసేపు ఆ బిడ్డకు పేరు పెట్టాడు, తన ఇంటి బిడ్డగా పెంచాడు. అందుకే ఆయన దావీదు కుమారుడు. మన ప్రభువు పెరిగిన ఇల్లు అలాంటిది.

చిన్నత్త వచ్చే శనివారం మన ఇంటికి వస్తోంది. మీరూ రండి. గుమ్మం చాటున గుసగుసలు వద్దు, నేరుగా తననే అడగండి. ఆ కాగితం తనకు చిన్నప్పుడే చూపించాను. ట్రంకు పెట్టె తాళం నా దగ్గరే ఉంది, తీసి మీకు తనే చదివి వినిపిస్తుంది. అరిసెలు ఈసారి నువ్వులు ఎక్కువ వేసి చేస్తాను, మీ నాన్నకూ తనకూ అలాగే ఇష్టం.

ప్రేమతో,
మీ నాన్నమ్మ