కారిజినీ వెళ్ళాలంటే టామ్ ప్రైస్: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి కారిజినీ నేషనల్ పార్కుకు మనవాళ్ళను తీసుకెళ్ళడం నా పని. బయల్దేరే ముందు ఫోన్లో వినేవి ఇంచుమించు ఇవే.

అపోహ: పార్కుకు దగ్గరి ఊరు టామ్ ప్రైస్‌లో గది దొరికితే గార్జిలు (నిటారు రాతి గోడల లోతైన లోయలు) పక్కనే.

వాస్తవం: పార్కు మొదలయ్యేదే దాదాపు 50 కిలోమీటర్ల అవతల. పైగా డేల్స్ గార్జి ఒక కొసన, వీనో, హాన్‌కాక్ గార్జిలు మరో కొసన. ఒక్కో వైపుకి ఒక రోజు పెట్టుకోండి. పార్కులో పెట్రోలు బంకు లేదు, సిగ్నల్ అంతంతమాత్రం. పొద్దుగూకితే కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి. నేనైతే చీకట్లో బండి తీయను.

అపోహ: గని ఊరు, తినడానికేం దొరుకుతుంది?

వాస్తవం: ఇనుప ఖనిజం కోసం 1960లలో కట్టిన ఊరే. అయినా సూపర్‌మార్కెట్ ఉంది; బియ్యం, పెరుగుకు లోటు లేదు. గోంగూర పచ్చడి మాత్రం మీరే తెచ్చుకోవాలి.

అపోహ: ఎండకు జాగ్రత్తపడితే చాలు.

వాస్తవం: నాకు భయం నీళ్ళంటేనే. జూన్, జులైల్లో, అంటే అక్కడి చలికాలంలో, పైన హాయిగా ఉంటుంది. కింద రెండు గోడల మధ్య ఎండే పడదు, నీళ్ళు జివ్వుమంటాయి. హాన్‌కాక్‌లో నిచ్చెన దిగి, నీళ్ళు దాటి, 'స్పైడర్ వాక్' దగ్గర రెండు గోడలకూ కాళ్ళూ చేతులూ ఆనించి కదలాలి. నున్నగా అరిగిన ఆ రాయి తడిస్తే సబ్బుబిళ్ళే. చలికి కొంకర్లు పోయిన వేళ్ళకు పట్టు చిక్కదు. గండికోటలో లాగా అంచున నిలబడి ఫొటో దిగి వచ్చేసే చోటు కాదిది. వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే బిగుతు దుస్తులు) తెచ్చుకోండి.

నెత్తిన ఆకాశం నీలంగానే ఉన్నా, ఎగువన వాన పడితే వరద మీదికొస్తుంది. ఇదే గార్జిలో రీగన్స్ పూల్ ఉంది. 2004లో దెబ్బతిన్న పర్యాటకుణ్ణి కాపాడటానికి దిగి, వరదలో ప్రాణం పోగొట్టుకున్న వాలంటీరు జిమ్ రీగన్ పేరది. రేంజర్ దారి మూశాడంటే నాతో బేరాలాడకండి.

అపోహ: పాత గని ఊరు విటెనూమ్ కూడా ఓసారి చూసొద్దాం, కారు దిగకపోతే ఏం కాదుగా!

వాస్తవం: అవుతుంది. 1966 దాకా అక్కడ నీలి ఆస్బెస్టాస్ తవ్వారు. ఆ వ్యర్థాల గుట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. దుమ్ములో కలిసిన పోగు కంటికి కనపడదు; ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దశాబ్దాల తర్వాత బయటపడొచ్చు. 2007లో ఊరి హోదానే తీసేశారు. పట్టుబట్టినవాళ్ళను హామర్స్లీ గార్జికి తీసుకెళ్తాను. అలల్లా వంగిన రాతి పొరల పక్కనే ఈత కొట్టొచ్చు. రోడ్డు తెరిచి ఉందో లేదో ముందే టామ్ ప్రైస్ విజిటర్ సెంటర్‌లో కనుక్కోండి.