రౌటర్ మీది దుమ్ము ఊదితే ఎందుకు పోదు?

"రౌటర్ మీద చెయ్యి వేస్తే కాలుతోంది. పైన కన్నాల్లో దుమ్ము పట్టేసింది, ఎంత ఊదినా పోవడం లేదు. ఏం చెయ్యాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు. వేడి పోకపోవడం, దుమ్ము పోకపోవడం వేర్వేరు బాధల్లా కనిపిస్తాయి. రెండింటి వెనకా ఉన్నది ఒక్కటే: కంటికి కనపడని గాలి పొర.

గాలి ఎంత జోరుగా వీచినా, వస్తువును తాకినచోట మాత్రం కదలదు. ఆనుకుని ఉన్న గాలి అక్కడే అతుక్కుని ఉంటుంది. దాని పైది కాస్త కదులుతుంది, ఆ పైది ఇంకాస్త. అలా పూర్తి వేగం అందుకునేదాకా ఉన్న మందాన్ని సరిహద్దు పొర అంటారు. 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది.

రౌటర్‌కు ఇచ్చిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే తేలుతుంది. 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టరైతే గరిష్ఠంగా 12 వాట్లు. చిప్పులో పుట్టిన ఆ వేడి దాని మీది అల్యూమినియం రేకుల దాకా సులువుగానే వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. అల్యూమినియం ఉష్ణవాహకత, అంటే వేడిని తనలోంచి పోనిచ్చే గుణం, మీటరుకు, డిగ్రీకి సుమారు 237 వాట్లు. గాలిది 0.026. అంటే 1 మిల్లీమీటరు కదలని గాలి వేడికి ఎంత అడ్డమో, సుమారు 9 మీటర్ల మందం అల్యూమినియం అంత అడ్డం! ఫ్యాన్ లేని పెట్టెలో ఈ పొర కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. ఫ్యాన్ గాలి తగిలితే పలచబడుతుంది. ఫ్యాన్ చల్లదనాన్ని తయారు చెయ్యదు. ఈ పొరను పలచన చేసి, వేడెక్కిన గాలిని బయటికి తోస్తుంది, అంతే.

బడిలో "గాలి వేడిని సరిగా ప్రసరింపజేయదు" అని ఒక రోజు, "గాలి వేడిని మోసుకుపోతుంది" అని ఇంకో రోజు చెబుతాం. రెండూ ఎలా నిజమో కలిపి చెప్పం. ఈ పొరను చూపిస్తే పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

ఇక దుమ్ము సంగతి. పాత ఆంప్లిఫయర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాన్ ఒకటి నా బల్ల మీద ఉంది. ఏళ్ల తరబడి గిర్రున తిరిగిందే, అయినా రెక్కల ముందు అంచున బూడిదరంగు దుమ్ము ఉన్నిలా అల్లుకుపోయింది. నలుసు వ్యాసం పదోవంతైతే బరువు వెయ్యోవంతుకు పడిపోతుంది, అంటుకునే బలం మాత్రం పదోవంతుకే తగ్గుతుంది. అందుకే నలుసు సన్ననయ్యేకొద్దీ గట్టిగా పట్టుకుంటుంది. పైగా మిల్లీమీటరు పొరలో 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరోవంతు) నలుసు అడుగున కూర్చుంటే, దానికి తగిలే గాలి బయటి వేగంలో ఏ నూరోవంతో. మీరు ఊదిన ఊపిరి దాని నెత్తి మీదుగా వెళ్లిపోతుంది.

కాబట్టి మెత్తటి బ్రష్షే మందు. దాని కుచ్చు ఆ పొరలోకి దూరి నలుసును నేరుగా తాకుతుంది. ముందు ప్లగ్గు పీకండి. బ్రష్షుతో కదిపి, ఆ తర్వాతే బ్లోయరు వాడండి. ఫ్యాన్ ఉంటే రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలికి అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. ఆంప్లిఫయర్ మూత మాత్రం తియ్యకండి, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉండొచ్చు.

దుమ్ము చేసే పెద్ద హాని దుప్పటిలా కప్పడం కాదు, దారి మూసెయ్యడం. రేకుల మధ్య సందు ఇరుకైతే రెండు వైపుల పొరలూ కలిసిపోయి, లోపలి గాలి నిలిచిపోతుంది. సెట్ టాప్ బాక్స్ మీద రౌటర్ పెట్టినా, పైన గుడ్డ కప్పినా జరిగేది అదే. కెపాసిటర్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. కింది కన్నాల్లోంచి చల్లగాలి లోపలికి రావాలి, పైకన్నాల్లోంచి వేడిగాలి పోవాలి. ఆ రెండు వైపులా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.