కుటుంసర్ చీకటిలో చేపలు

విజయనగరం జిల్లా వారికి గుహ అనగానే గుర్తుకొచ్చేది బొర్రాయే. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, బడి పిల్లలతో, రంగు దీపాలతో కళకళలాడే ఆ విశాలమైన గుహ ఎదురవుతుంది. అదే చూపుతో ఈ ఏడాది ముక్కనుమ మర్నాడు మా అక్క కుటుంబంతో కలిసి మరో దిక్కుకు కారు తిప్పాము. గజపతినగరం, రామభద్రపురం, లారీల ఊరు సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్, జయపురం మీదుగా సాయంత్రానికి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ చేరుకున్నాము. అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉంది మేము వెతుక్కుంటూ వెళ్లిన కుటుంసర్ గుహ.

వానాకాలంలో ఈ గుహలోకి వరద నీరు చేరుతుంది కాబట్టి ఆ నెలల్లో సందర్శకులను రానివ్వరు. మిగిలిన రోజుల్లో కూడా గైడు తోడు లేనిదే లోపలికి వెళ్లకూడదు. ఒక మనిషి ఒదిగి దిగగలిగినంత ఇరుకైన ద్వారం గుండా మెట్లు దిగుతూ ఉంటే గాలి వెచ్చగా, తడిగా, బరువుగా మారిపోయింది. గుహలో ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా 28 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. బయటి ఎండా చలీ మందపాటి రాతిని దాటి లోపలికి రాలేవు.

బొర్రా రాయి కూడా సున్నపు రాయి వంశమే, కాని అది భూగర్భంలో వేడికి, ఒత్తిడికి గురై పాలరాయిగా మారినది. కుటుంసర్ రాయి అలా మారలేదు. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం, చేపలు ఇంకా పుట్టని కాలంలో, సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నమే అది. వాన నీరు మట్టిలోంచి ఇంకేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమై, రాతి పగుళ్లను కరిగించి గుహను తొలిచింది. పైకప్పు నుంచి ఊడల్లా వేలాడే స్టాలక్టైట్లు నీరు ఆవిరైపోవడం వల్ల ఏర్పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంత తేమ ఉన్న గాలిలో నీరు ఆవిరయ్యేది బహు స్వల్పం. చుక్క పైకప్పున వేలాడే కొద్ది క్షణాల్లో దానిలోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి తప్పించుకుంటుంది, దాంతో ఇక కరిగి ఉండలేని సున్నం రాతికి అంటుకుంటుంది. సాధారణంగా ఈ పెరుగుదల ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదో వంతు. నా పిడికిలి పొడవు ఊడ వెనుక సుమారు వెయ్యి సంవత్సరాల చుక్కలున్నాయి.

"మావయ్యా, ఇక్కడ లైట్లు లేవేటి?" అని నా మేనల్లుడు అడిగాడు. మేము వెళ్లినప్పుడు గైడు చేతిలోని దీపం తప్ప వేరే వెలుగు లేదు. కాసేపటికి ఆయన దాన్ని కూడా ఆర్పారు. అమావాస్య రాత్రి పల్లెలో కనిపించేది చీకటి కాదని నాకు అప్పుడు తెలిసింది. అక్కడ నక్షత్రాలైనా ఉంటాయి, కాసేపు ఆగితే కన్ను అలవాటు పడుతుంది. ఇక్కడ గంట నిలబడినా కంటికి అందేదేమీ ఉండదు.

ఈ చీకటిలోనే, గుహ మడుగుల్లో, వేలెడంత కూడా లేని చేప ఒకటి బతుకుతోంది. నెమాకైలస్ ఎవెజార్డి అని పుస్తకాల్లో దానికి పేరు, తరువాత దాన్ని ఇండోరియోనెక్టెస్ ప్రజాతిలో చేర్చారు. ఇదే జాతి చేప బయటి వాగుల్లో కూడా ఉంది. దానికి మామూలు కళ్లు, ఒంటి మీద ముదురు మచ్చలు ఉంటాయి. గుహలోని చేపల్లో కళ్లు కుంచించుకుపోయి, ఒళ్లు పాలిపోయి కనిపిస్తుంది. మరీ ఆశ్చర్యకరమైన సంగతి, ఈ మార్పు అన్ని చేపల్లోనూ ఒకే మేరకు జరగలేదు. పరిణామం ముగిసిన తరువాతి ఫలితం కాక, అది నడుస్తున్న దారే ఇక్కడ కనిపిస్తోందని నాకు అనిపిస్తుంది. ఈ గుహను 1950లలో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ప్రొఫెసర్ శంకర్ తివారీ పేరు ఇక్కడి కీచురాయి జాతి ఒకదానికి నిలిచింది, దాన్ని కెంపియోలా శంకరి అంటారు.

వాడకపోతే అవయవం పోతుందన్న మాట వినడానికి బాగుంటుంది కాని, ఒక చేప వాడని కన్ను దాని పిల్లలకు తగ్గిపోదు. బయటి వాగులో కంటిని చెడగొట్టే జన్యు మార్పుతో పుట్టిన చేప తిండి దొరక్కో, వేటకు చిక్కో చస్తుంది, ఆ మార్పు దానితోనే పోతుంది. చీకట్లో గుడ్డి చేపకు నష్టమేమీ లేదు కాబట్టి అలాంటి మార్పులు తరతరాలుగా పోగవుతాయి. పైగా కన్ను ఖరీదైన అవయవం. మెక్సికో గుహ చేపల బంధువుల మీద జరిగిన లెక్కల ప్రకారం, ఒక గ్రాము బరువున్న చిన్న చేప విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తిలో దాదాపు 15 శాతం కంటికీ, చూపును గ్రహించే మెదడు భాగానికీ పోతుంది. మొక్క మొలవని గుహలో తిండి అంటే వరద మోసుకొచ్చిన ఆకూ అలమా, గబ్బిలాల రెట్టే. అలాంటి చోట 15 శాతం ఆదా అంటే బతుకే. నోటి చుట్టూ ఉన్న మీసాలతో అది అడుగును తడుముతూ తన పని చక్కబెట్టుకుంటుంది.

దీపాలు పెడితే ఏమవుతుందో ప్రపంచానికి అనుభవమే. ఎడతెగని వెలుగు పడిన తడి రాతి మీద ఆకుపచ్చని నాచు పుడుతుంది, అది విడుదల చేసే ఆమ్లాలు వేల ఏళ్ల సున్నాన్ని తినేస్తాయి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిచారు, నాచు, జనం ఊపిరి అక్కడి ఆదిమ చిత్రాలను దెబ్బతీస్తున్నాయని 1963లో మూసివేశారు. బొర్రాలో రంగు దీపాలు చూసి మురిసిన నేను, కుటుంసర్‌కు మాత్రం అవి ఎన్నటికీ రాకూడదని కోరుకుంటున్నాను.

పైకి వచ్చాక మేనల్లుడు కళ్లున్న చేపను చూస్తానని కాంగేర్ ఒడ్డున బోర్లా పడుకున్నాడు. ఆ చేప పగలు రాళ్ల కింద దాక్కొని రాత్రి మేతకు వస్తుంది. చీకటి దానికి గుహకు వెళ్లక ముందే అలవాటు. అరగంట చూసినా ఒక్కటీ బయటికి రాలేదు.